మీటింగ్ నోట్స్ రాసే ఏఐ యాప్: పనికి నాలుగు స్టార్లు, ప్రైవసీకి ఒకటిన్నర

పని విషయంలో ఈ యాప్‌కు పెద్దగా వంక పెట్టడానికి లేదు, ముందు అది చెప్పేస్తా. ఆన్‌లైన్ మీటింగ్‌లో చేరి కూర్చుంటుంది, ఎవరేం మాట్లాడారో రాసుకుంటుంది, అయిపోగానే సారాంశం ఒకటి, ఎవరు ఏ పని ఎప్పటికల్లా చేయాలో ఇంకొకటి మెయిల్‌కు పంపేస్తుంది. తెలుగులో మొదలై ఇంగ్లీషులోకి దూకి మళ్లీ తెలుగులోకి వచ్చే మాటల్ని కూడా చాలావరకు పట్టుకుంటుంది. పేర్లు తప్పు రాస్తుంది, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఒకరి మాట ఇంకొకరి పేరు మీద వేసేస్తుంది, అంకెలు వచ్చిన చోట ఒకసారి రికార్డింగ్ విని సరిచూసుకోవడం మంచిది. ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. నోట్స్ రాసే పని నెత్తిమీద నుంచి దిగిపోతే ఎంత హాయిగా ఉంటుందో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. నాలుగు స్టార్లు ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు.

మిగతా రివ్యూ అంతా సెట్టింగ్స్ గురించే. యాప్ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే దాన్ని తీసేసి అదే బాపతు ఇంకోటి పెట్టుకుంటారు, అక్కడా ఇదే కథ. ఈ రకం యాప్ ఏది వాడుతున్నా సరే, మీ ఫోన్‌లో అది తెరిచి పక్కన పెట్టుకుని చదవండి, చాలావరకు కలుస్తుంది.

ఖాతా తెరిచేటప్పుడు ఒక గడిలో టిక్ పెట్టమంటుంది, నిబంధనలకూ ప్రైవసీ పాలసీకీ కలిపి ఒకటే టిక్. మన మాటలతో వాళ్ల ఏఐని ట్రెయిన్ చేసుకుంటారన్న సంగతి అక్కడ ఎక్కడా కనపడదు. పాలసీలో ఉంటుంది. "మేము సమాచారాన్ని ఎలా వాడతాం" అనే భాగంలో, మోసాల నివారణకూ కస్టమర్ సపోర్ట్‌కూ మధ్యన, "మీరు అందించే కంటెంట్‌ను మా సేవలనూ మోడళ్లనూ మెరుగుపరచడానికి వాడవచ్చు" అని ఒకే ఒక్క వాక్యం. మోడల్ అంటే ఇలా డేటా నుంచి నేర్చుకుని పనిచేసే ఏఐ ప్రోగ్రామే. కంటెంట్ అంటే ఏంటో తెలియాలంటే ఇంకా పైకి, నిర్వచనాల దగ్గరికి వెళ్లాలి: ఆడియో, దాన్నుంచి తీసిన టెక్స్ట్, మీరు అప్‌లోడ్ చేసిన ఫైళ్లు, మీరు చేసిన సవరణలు. ఆ చివరిది గమనించండి. యాప్ తప్పుగా రాసిన పేరును మీరు సరిదిద్దారనుకోండి, ఈ శబ్దం వస్తే ఈ అక్షరాలు రాయాలి అని దానికి దగ్గరుండి నేర్పినట్టే. మనిషి వినీ చూసీ సరిచేసిన టెక్స్ట్ ట్రెయినింగ్‌కు చాలా విలువైన సరుకు, మామూలుగా అయితే ఆ పనికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. ఇక్కడ మనమే సబ్‌స్క్రిప్షన్ కట్టి మరీ చేసిపెడుతున్నాం.

ఆపే స్విచ్ ఉంది, లేదనను. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అని ఒక పేజీ ఉంది, అందులో మాత్రం లేదు. ఖాతా, దాని కింద "మరిన్ని", అందులో "ప్రయోగాత్మక ఫీచర్లు", ఆ పేజీ అట్టడుగున "అందరికీ మెరుగైన అనుభవం అందించడంలో సహాయపడండి" అన్న వాక్యం పక్కన ఉంటుంది, ముందే ఆన్‌లో. ట్రెయినింగ్ అనే మాట లేదు, మోడల్ అనే మాట లేదు, ఏఐ అనే మాట అసలే లేదు. చదివితే ఏదో సర్వే అనిపిస్తుంది. ఆఫ్ చేయబోతే "మీకు అందే సారాంశాల నాణ్యత తగ్గవచ్చు, కొనసాగించాలా?" అని అడుగుతుంది. నీలం రంగులో పెద్ద బటన్ "ఆన్‌లోనే ఉంచు". దాని కింద బూడిద రంగులో, అది నొక్కొచ్చని కూడా తెలియకుండా, "అయినా ఆఫ్ చెయ్యి". నాణ్యత తగ్గుతుందన్నది ఉత్త బెదిరింపు. ఆఫ్ చేశాక కూడా సారాంశాలు ఎప్పటిలాగే వస్తున్నాయి, పేర్లు ఎప్పటిలాగే తప్పు వస్తున్నాయి. రాకేం చేస్తాయి, ట్రెయినింగ్ ఎప్పుడో అయిపోయిన మోడలే కదా నా మీటింగ్‌ను ఇప్పుడు రాస్తున్నది. నా మాటలు పనికొచ్చేది రాబోయే వెర్షన్‌కు, ఆ లాభం వాళ్లది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆ స్విచ్ మనిషికి కాదు, వర్క్‌స్పేస్‌కు, అంటే యాప్‌లో ఒక్కో బృందానికి ఉండే విడి చోటుకు. ఆఫీసుది ఒకటి, సొంతది ఒకటి ఉంటే రెండు చోట్లా విడివిడిగా ఆపాలి, కొత్త దాంట్లో చేరినప్పుడల్లా మళ్లీ ఆన్‌తోనే మొదలు.

సారాంశం కింద బొటనవేలు పైకీ కిందికీ చూపించే రెండు గుర్తులు ఉంటాయి కదా, వాటి సంగతి కూడా పాలసీలోనే ఉంది. అవి నొక్కితే అది ఫీడ్‌బ్యాక్ కింద లెక్క, ఆ మీటింగ్ టెక్స్ట్ మొత్తం దాంతోపాటు వెళ్తుంది, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే. ఇది ఈ ఒక్క యాప్ పద్ధతి కాదు. చాట్‌జీపీటీలో కూడా ట్రెయినింగ్ వద్దని పెట్టుకున్నా, ఒక జవాబుకు బొటనవేలు నొక్కితే ఆ సంభాషణంతా ట్రెయినింగ్‌కు వాడుకోవచ్చని ఓపెన్‌ఏఐ తన సహాయ పేజీల్లోనే రాసింది. కాబట్టి సారాంశం బాగుందని సంబరపడి బొటనవేలు నొక్కకండి. లోపల మెచ్చుకోండి చాలు.

సపోర్ట్‌కు రాశాను. స్విచ్ ఆపకముందు వెళ్లిన రికార్డింగుల సంగతేంటి, వాటిని ట్రెయినింగ్‌లోంచి తీసేస్తారా అని అడిగాను. జవాబు ఇది: "మీ ఎంపిక ఇకపై వచ్చే కంటెంట్‌కు వర్తిస్తుంది. ఇప్పటికే వాడిన డేటా అనామకం చేయబడింది కాబట్టి దాన్ని విడిగా గుర్తించి తొలగించడం సాధ్యం కాదు." మర్యాదగా రాశారు, త్వరగా కూడా రాశారు. కానీ అసలు గొడవంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

మొదటి వాక్యంలో "ఇకపై" అన్న మాట చూడండి. స్విచ్ ముందే ఆన్‌లో పెట్టి, అది ఉందని చెప్పకుండా, మనం వెతుక్కుని ఆపేదాకా వాడుకుని, ఆపాక "ఇకపై వాడం" అనడం దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే ఉంటుంది. పెద్ద కంపెనీలదీ ఇదే వరస. 2024 సెప్టెంబర్‌లో లింక్డ్‌ఇన్ సరిగ్గా ఇలాంటి స్విచ్‌నే ఆన్‌లో పెట్టి తెచ్చింది, ఆఫ్ చేసినా అప్పటికే జరిగిన ట్రెయినింగ్‌కు అది వర్తించదని తనే చెప్పింది. ఎందుకు వర్తించదంటే, మోడల్ అనేది ఫైళ్లు దాచుకునే బీరువా కాదు. కోట్ల కోట్ల అంకెలు, ప్రతి వాక్యమూ వాటిలో కొన్నింటిని కాస్త అటూ ఇటూ జరుపుతుంది, నా వాక్యం ఏ అంకెను ఎంత జరిపిందో తర్వాత ఎవరూ విడదీసి చెప్పలేరు. నేర్చుకున్నదాన్ని మరిపించే పద్ధతుల మీద పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, నమ్మకంగా చేయాలంటే ఆ డేటా తీసేసి మళ్లీ మొదటి నుంచీ ట్రెయిన్ చేయడమే దారి. నా ఒక్కడి కోసం ఆ ఖర్చు ఎవరు పెడతారు.

అలాగని చట్టం ఎప్పుడూ "సాధ్యం కాదు" అన్న మాట విని ఊరుకోలేదు. అమెరికాలో ఎవర్ అనే ఫొటోల యాప్ ఉండేది. వాడేవాళ్లు దాచుకున్న ఫొటోలతో ముఖాలు గుర్తుపట్టే ఏఐ తయారుచేసుకున్నారని తేలితే, 2021లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫొటోలతో సరిపెట్టకుండా వాటితో తయారైన మోడళ్లనూ ఆల్గారిథమ్‌లనూ కూడా చెరిపేయమంది. అంటే నా వాక్యాన్ని విడిగా పీకలేకపోయినా, మోడల్ మొత్తాన్ని పారేయించవచ్చన్నమాట. కంపెనీలకు జరిమానా కన్నా ఇదే ఎక్కువ టెన్షన్. జరిమానా అయితే ఖర్చు పద్దులో రాసుకుంటారు.

రెండో వాక్యంలో "అనామకం", అంటే ఎవరి డేటానో తెలియకుండా చేశామని. టెక్స్ట్‌లో పేర్లు కొట్టేసి చుక్కలు పెడితే అనామకం అయిపోదు, మీటింగుల్లో అసలే కాదు. "మొన్న ఆపరేషన్ చేయించుకున్న మన డిజైన్ టీమ్ లీడ్" అని ఉంటే పేరు లేకపోతే ఏం, ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. ఇక ఆడియో సంగతి చెప్పక్కర్లేదు, గొంతే గుర్తింపు. పోనీ ట్రెయినింగ్‌లో కలిసిపోయాక బయటికి రాదు కదా అంటారా, వస్తుంది. చాట్‌జీపీటీ కంటే ముందు ఓపెన్‌ఏఐ తెచ్చిన మోడల్ జీపీటీ-2 మీద పరిశోధకులు 2020లోనే ప్రయోగం చేసి చూపించారు, రకరకాలుగా అడిగితే ట్రెయినింగ్‌లో చదివిన టెక్స్ట్‌ను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది, అందులో నిజం మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో యూరప్ దేశాల డేటా రక్షణ సంస్థలన్నీ కలిసిన బోర్డు కూడా ఇదే మాట అంది. వ్యక్తిగత డేటాతో ట్రెయిన్ చేసిన మోడల్‌ను దానంతటదే అనామకం అనుకోవడానికి లేదు, మోడల్‌లోంచి మనుషుల వివరాలు బయటపడే అవకాశం నామమాత్రమని కంపెనీయే చూపించాలి, ఒక్కో మోడల్‌ను విడిగా పరిశీలించాలి. సపోర్ట్‌కు రెండో మెయిల్‌లో ఇదే అడిగాను, ఎలా అనామకం చేశారో చెప్పండి అని. "పరిశ్రమ ప్రమాణాలకు అనుగుణంగా" అని వచ్చింది. ఏ ప్రమాణమో రాయలేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం ఇంకోటి. టిక్ పెట్టింది నేను. మీటింగ్‌లో మాట్లాడింది అందరూ. యాప్ లోపలికి రాగానే చాట్‌లో "ఈ మీటింగ్‌కు నోట్స్ తీసుకుంటున్నాను" అని ఒక లైను వేస్తుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి "సార్, ఇది రికార్డు మాత్రమే చేస్తుందా, ఇంకేమైనా చేస్తుందా?" అని మేనేజర్‌ను అడిగింది. ఆయన నవ్వి, నోట్స్ కోసమేనమ్మా అన్నారు. ఆయన అబద్ధమేం చెప్పలేదు, ఆయనకు తెలిసింది అంతే. పాలసీలో మాత్రం "పాల్గొనేవారందరి అనుమతి తీసుకోవలసిన బాధ్యత ఖాతాదారుడిదే" అని శుభ్రంగా రాసి చేతులు దులిపేసుకున్నారు. అంటే ఆ అమ్మాయి గొంతు ట్రెయినింగ్‌కు వెళ్తే, అడగాల్సింది కంపెనీ కాదట, నేనట! ఆమెకు ఈ యాప్‌లో ఖాతా లేదు, స్విచ్ లేదు, వద్దనాలంటే ఎక్కడ నొక్కాలి? మీటింగ్‌లోంచి బయటికి వెళ్లే బటన్ ఒక్కటే ఉంది ఆమె దగ్గర.

గోల చేస్తే పని జరిగిన సందర్భం కూడా ఉంది. 2023 ఆగస్టులో జూమ్ నిబంధనల్లో ఏఐ ట్రెయినింగ్‌కు తలుపు తీసే వాక్యాలున్నాయని జనం పట్టుకుని రచ్చ చేస్తే, కొద్ది రోజుల్లోనే నిబంధనలు తిరగరాసి, వాడేవాళ్ల ఆడియో, వీడియో, చాట్ లాంటివి ఏఐ మోడళ్ల ట్రెయినింగ్‌కు వాడబోమని రాసింది. జనం చదివారు కాబట్టి మారింది. ఈ చిన్న యాప్‌ల పాలసీలు ఎవరు చదువుతారు?

ఇక చట్టం ఏమంటుందంటే, ఎక్కడున్నారన్నదాన్ని బట్టి. యూరప్‌లో జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వ్యక్తిగత డేటా దేనికి వాడాలన్నా ఒక చట్టపరమైన ఆధారం చూపించాలి. అందులో మన అనుమతి ఒకటి, "లెజిటిమేట్ ఇంటరెస్ట్" (అంటే కంపెనీకి ఉన్న న్యాయమైన అవసరం) ఒకటి, ఇంకా కొన్ని. ఏఐ కంపెనీలకు రెండోదే ఇష్టం, ఎందుకంటే దానికి ముందుగా అడగక్కర్లేదు, వద్దన్నవాళ్లకు అభ్యంతరం చెప్పే దారి చూపిస్తే చాలంటారు. ఫేస్‌బుక్ నడిపే మెటా, జనం పోస్టులతో ఏఐని ట్రెయిన్ చేయడానికి ఇదే దారిలో వెళ్లింది. 2024 జూన్‌లో ఐర్లాండ్ నియంత్రణ సంస్థ కోరడంతో యూరప్‌లో ఆపింది, 2025 మే చివర్లో మళ్లీ మొదలుపెట్టింది, దానికి కొద్ది రోజుల ముందే జర్మనీలోని కొలోన్ కోర్టు దాన్ని ఆపడానికి నిరాకరించింది. బ్రెజిల్‌లో 2024 జులైలో అక్కడి డేటా సంస్థ అదే మెటాను ఆపమని ఆదేశించి, వద్దనే హక్కు జనానికి తేలిగ్గా అందేలా మార్పులకు ఒప్పుకున్నాక ఆగస్టు చివర్లో సడలించింది. అందుకే ఈ స్విచ్చులన్నీ కంపెనీల మంచితనం వల్ల పుట్టాయని అనుకోవద్దు. 2023 మార్చి చివర్లో ఇటలీ చాట్‌జీపీటీని ఆపించి, తిరిగి తెరవాలంటే పెట్టిన షరతుల్లో, ట్రెయినింగ్‌కు మా డేటా వాడొద్దని జనం చెప్పుకునే దారి ఉండాలన్నది కూడా ఉంది. ఏప్రిల్ నెలాఖరుకు ఆ దారి వచ్చింది, చాట్‌జీపీటీ కూడా వచ్చింది.

భారతదేశపు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డీపీడీపీ, 2023 ఆగస్టులో ఆమోదం పొందింది, నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద పడే అసలు బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. కాగితం మీద చూస్తే ఈ యాప్ చేసేదేదీ దానికి సరిపోదు. అనుమతి స్వేచ్ఛగా, ఫలానా పనికి అని విడిగా, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలంటుంది చట్టం. ముందే ఆన్‌లో ఉన్న స్విచ్ ఏ రకంగా నా చర్య అవుతుంది? ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలిగ్గా ఉండాలంటుంది. ఇక్కడ ఇవ్వడానికి ఒక టిక్, తీసుకోవడానికి నాలుగు పేజీలు. నోటీసు ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులో కూడా, చదువుకునే వీలుండాలి. యూరప్‌లోలాగా లెజిటిమేట్ ఇంటరెస్ట్ అని చెప్పి తప్పించుకునే దారి కూడా ఇందులో లేదు. అయితే పెద్ద కంత కూడా ఉంది. మనంతట మనం బహిరంగంగా పెట్టిన వ్యక్తిగత డేటాకు ఈ చట్టం వర్తించదు. మీటింగ్ బహిరంగం కాదు కాబట్టి ఈ యాప్‌కు ఆ కంత పనికిరాదు గానీ, మీరు అందరికీ కనపడేలా రాసుకున్న పోస్టుల సంగతి వేరే.

మిగతావాటితో పోల్చి చూస్తే ఈ యాప్ మరీ అధ్వానమేం కాదు, అదే బాధ. చాట్‌జీపీటీలో స్విచ్ కనీసం డేటా కంట్రోల్స్ అన్న పేజీలో ఉంది, మోడల్ అన్న మాట దాని మీదే రాసి ఉంది. జెమినీ అనే తన ఏఐలో, పరిశీలన కోసం తన తరఫు మనుషులు చూసిన చాట్‌లను మీరు చెరిపేసినా మూడేళ్ల దాకా ఉంచుకుంటామని గూగుల్ చెబుతుంది. 2025 ఆగస్టులో ఆంత్రోపిక్ అనే కంపెనీ తన ఏఐ క్లాడ్ వాడేవాళ్లను ఎంచుకోమంది, ట్రెయినింగ్‌కు ఒప్పుకుంటే అయిదేళ్లు, లేకపోతే 30 రోజులు డేటా ఉంచుకుంటామంది. కంపెనీల ఖాతాలకు మాత్రం వీటిలో చాలాచోట్ల ట్రెయినింగ్ డిఫాల్ట్‌గా ఆఫే. ఈ యాప్‌లోనూ పెద్ద ప్లాన్ తీసుకున్న సంస్థలకు ఆఫ్‌తోనే మొదలవుతుంది. అంటే ఆఫ్‌లో పెట్టడం చేతకాక కాదు. లాయర్లను పెట్టుకుని ఒప్పందం చదివే కస్టమర్ దగ్గర ఒక మర్యాద, మనలాంటివాళ్ల దగ్గర ఇంకో మర్యాద.

డేటా డౌన్‌లోడ్ చేసుకునే సౌకర్యం బాగుంది, టెక్స్ట్, ఆడియో అన్నీ ఒక జిప్ ఫైల్‌లో చక్కగా వచ్చాయి. వాటిలో ఏవేవి ట్రెయినింగ్‌కు వెళ్లాయో చెప్పే కాగితం ముక్క మాత్రం అందులో లేదు. ఖాతా తీసేయడం కూడా సులువే, ఆ బటన్ దాచలేదు.

వాడాలా వద్దా అంటే, వాడండి, స్విచ్ ఆపి. ఉద్యోగ ఇంటర్వ్యూలు, జీతాల మాటలు, ఆరోగ్యం గురించిన సెలవు సంభాషణలు, పిల్లలున్న క్లాసులు, వీటిలోకి దీన్ని తీసుకెళ్లకండి, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే. మిగతా మీటింగుల్లో మొదట్లోనే ఇది ఉందని, ట్రెయినింగ్ ఆపేశామని నోటితో చెప్పండి, ఎవరైనా వద్దంటే తీసేయండి. సవరణలు యాప్‌లో కాకుండా, కాపీ చేసుకున్న ఫైల్‌లో చేసుకోండి.

ప్రైవసీకి ఇచ్చిన ఒకటిన్నరలో ఒకటి స్విచ్ అంటూ ఉన్నందుకు, అర సపోర్ట్ వాళ్లు నీళ్లు నమలకుండా సాధ్యం కాదని రాసి ఇచ్చినందుకు. ఈసారి రెన్యువల్ ఆపి ఉంచాను. ఆ స్విచ్‌ను ప్రైవసీ పేజీలోకి తెచ్చి, దాని మీద ట్రెయినింగ్ అన్న మాట రాసి, ఆఫ్‌తో మొదలుపెడితే ఈ రివ్యూ మారుస్తా, డబ్బూ కడతా.